తెల్ల గుడ్డ మీద నల్ల దారం

వియన్నాలోని కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో జేన్ సీమోర్ అనే ఇంగ్లండు రాణి చిత్రం ఉంది. ఎనిమిదో హెన్రీకి ఆమె మూడో భార్య. 1536 ప్రాంతంలో హాన్స్ హోల్బైన్ అనే జర్మన్ చిత్రకారుడు దాన్ని వేశాడు. ఎర్ర మఖమలు గౌను, మెడలో హారాలు, తలపాగా మీద ముత్యాలు. చూసేవాళ్ల కళ్లు ముందు వాటి మీదికే పోతాయి. సూది పట్టిన అలవాటు ఉన్నవాళ్ల కళ్లు మాత్రం ఆమె మణికట్ల దగ్గర ఆగిపోతాయి. చేతి చివర తెల్లటి కుచ్చులున్నాయి. వాటి మీద నల్ల దారంతో సన్నటి గళ్ల డిజైను ఉంది. కుచ్చు అన్నాక గుడ్డ అటూ ఇటూ తిరుగుతుంది, ముందు వైపూ కనిపిస్తుంది, వెనక వైపూ కనిపిస్తుంది. అందుకే ఆ కుట్టు రెండు వైపులా ఒక్కలాగే ఉండాలి.

ఈ పనినే బ్లాక్‌వర్క్ అంటారు. ఐదు వందల ఏళ్ల నాటి ఆ పనిని ఇప్పుడు చేత్తో మళ్లీ కుట్టాలంటే ఏం తెలిసి ఉండాలో, ఇంట్లో మనం ఎక్కడ మొదలుపెట్టవచ్చో ఈ వ్యాసంలో చూద్దాం.

లోపలి చొక్కా అంచు కథ

ఆ రోజుల్లో ఇంగ్లండులో పైన వేసుకునే పట్టు, మఖమలు బట్టలను ఉతికేవారు కాదు. ఒంటికి తగిలే చెమటా మురికీ లోపలి లినెన్ చొక్కాయే పీల్చుకునేది, ఉతుక్కునేది దాన్నే. ఆ చొక్కాలో బయటికి కనిపించేది మెడ పట్టీ, చేతుల చివర్లు మాత్రమే. కనిపించే ఆ కాస్త చోటే నల్ల పట్టు దారంతో అలంకరించుకునేవారు.

ఈ పనికి ‘స్పానిష్ వర్క్’ అని ఇంకో పేరుంది. స్పెయిన్ రాకుమారి కాథరిన్ 1501లో పెళ్లికూతురుగా ఇంగ్లండు వస్తూ దీన్ని తనతో తెచ్చిందని చెప్పుకుంటారు. ఆమె వల్ల దీనికి ఆదరణ పెరిగిందంటే నమ్మవచ్చు. మొదలుపెట్టింది ఆమేనంటే మాత్రం కుదరదు. అంతకు వందేళ్ల ముందే, 14వ శతాబ్దం చివర్లో, ఛాసర్ అనే ఆంగ్ల కవి తన ‘కాంటర్‌బరీ కథలు’లో ఒక వడ్రంగి భార్య చొక్కా కాలరు మీద నల్ల పట్టు కుట్టుపని ఉందని వర్ణించాడు. అది లోపలి వైపూ బయటి వైపూ ఉందని కూడా చెప్పాడు. అంటే రాణిగారి కంటే ముందే మామూలు ఇళ్లకు ఈ పని తెలుసు.

మొదటి ఎలిజబెత్ రాణి కాలానికి, అంటే 16వ శతాబ్దం రెండో సగానికి, దీని తీరు మారింది. లెక్కపెట్టి కుట్టే గళ్ల డిజైన్ల పక్కన తీగలు, గులాబీలు, స్ట్రాబెర్రీలు, బఠాణీ కాయలు, పిట్టలు, పురుగులు వచ్చి చేరాయి. ఆకు అంచును ఒక కుట్టుతో గీసి, లోపలి భాగాన్ని చిన్న చిన్న గళ్ల నమూనాలతో నింపేవారు. ఇంకొన్నాళ్లకు అచ్చు పుస్తకాల్లోని బొమ్మల నీడలను పోలేలా సన్నటి చుక్కల కుట్లు వేశారు. 17వ శతాబ్దంలో ఫ్యాషను మారి ఈ పని తెరమరుగైంది. 20వ శతాబ్దంలో కుట్టుపని మీద ఆసక్తి ఉన్నవాళ్లు మళ్లీ వెలికితీశారు.

వెళ్లిన దారినే తిరిగి రావడం

రెండు వైపులా ఒక్కలాగే ఉండే కుట్టు ఎలా వస్తుంది? ఉపాయం చాలా చిన్నది. మామూలు రన్నింగ్ కుట్టు వేసుకుంటూ వెళ్లండి. ఒక కుట్టు గుడ్డ పైన, తర్వాతి కుట్టు గుడ్డ కింద. చివరికి చేరాక వెనక్కి తిరిగి, అవే రంధ్రాల్లోంచి వచ్చిన దారినే రండి. వెళ్లేటప్పుడు ఖాళీగా వదిలిన చోట్లన్నీ వచ్చేటప్పుడు నిండుతాయి. ముందు వైపు నిండు గీత, వెనక వైపూ నిండు గీత. హోల్బైన్ చిత్రాల్లో ఎక్కువగా కనబడుతుంది కాబట్టి దీనికి హోల్బైన్ కుట్టు అనే పేరు స్థిరపడింది.

బ్యాంకు ఇళ్లలో ఉన్న మనకు దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. ఇది డబుల్ ఎంట్రీ లాంటిదే. ప్రతి గడికీ రెండు పద్దులు పడాలి, ఒకటి ముందు వైపు, ఒకటి వెనక వైపు. ఒకటి పడి రెండోది పడకపోతే ఆ గీత తెగినట్టే కనిపిస్తుంది. చివరికి రెండు వైపుల మొత్తాలూ సరిపోవాలి.

ధార్వాడ, హుబ్బళ్లి వైపు బ్రాంచీల్లో ఉండి వచ్చిన కుటుంబాలకు ఈ మాటలు చదువుతుంటే కసూతి గుర్తుకు రావాలి. ఇల్కల్ చీరల మీద గోపురాలు, రథాలు, ఏనుగులు, తులసి కోటలు కుట్టే పని అది. కసూతిలో నాలుగు రకాల కుట్లున్నాయి. వాటిలో ‘గవంతి’ అనేది సరిగ్గా ఈ కుట్టే. పోగులు లెక్కపెట్టి, ముడి వేయకుండా, రెండు వైపులా ఒక్కలాగే వచ్చేట్టు కుడతారు. ఒకరి దగ్గర ఇంకొకరు నేర్చుకున్నారని దీని అర్థం కాదు. పడుగూ పేకా లెక్కపెట్టగలిగిన గుడ్డ, రెండు వైపులా కనబడే అంచు ఉంటే చాలు, ఎక్కడి చేతులైనా ఈ ఉపాయానికి చేరతాయి. మీకు కసూతి వస్తే బ్లాక్‌వర్క్ సగం వచ్చినట్టే.

దారాన్ని తినేసిన రంగు

అంత ఆదరణ ఉన్న పని మ్యూజియాల్లో ఎందుకు తక్కువగా మిగిలింది? లోపలి బట్టలు ఉతికి ఉతికి చిరిగిపోవడం ఒక కారణం. రెండో కారణం దారంలోనే ఉంది.

అప్పట్లో నలుపు రంగు కోసం సింధూర చెట్ల మీద పెరిగే మాచికాయల వగరునూ, ఇనుప లవణాన్నీ కలిపేవారు. ఈ రసాయనం మనకు కొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు వచ్చేది కూడా ఇలాగే. గుడ్డను ముందు కరక్కాయలో ముంచుతారు. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఆ నీటితో గీత గీస్తారు. వగరూ ఇనుమూ కలిసిన చోట నలుపు తేలుతుంది. అయితే ఇనుము చేరిన రంగు కాలం గడిచేకొద్దీ సన్నటి పట్టు పోగును తినేస్తుంది. పట్టు పెళుసెక్కి, పొడిపొడిగా రాలిపోతుంది.

అందుకే పాత బ్లాక్‌వర్క్ గుడ్డలు కొన్నిటిలో నల్ల దారం చాలా చోట్ల రాలిపోయింది. మిగిలింది తెల్ల లినెను, దాని మీద సూది చేసిన రంధ్రాలు. తెలిసినవాళ్లు ఆ రంధ్రాల వరసను బట్టే డిజైనును తిరిగి గీస్తారు. మళ్లీ కుట్టడం అన్నది ఇక్కడ ఒట్టి కాలక్షేపం కాదు. అసలు గుడ్డలోని దారం ఏటేటా తగ్గుతుంది తప్ప పెరగదు. ఏ కుట్టు ముందు పడింది, దారం ఎటు తిరిగింది, కొమ్మ ఎక్కడ ముగిసింది అన్న సంగతులు బొమ్మలో కనబడవు. ఎవరో ఒకరు సూది పట్టి కుట్టినప్పుడే బయటపడతాయి. ఆ పని చేతుల్లో మిగిలితేనే అది మిగిలినట్టు.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆడవాళ్లు తలకు పెట్టుకునే కుళ్లాయి గుడ్డ ఒకటి ఉంది. డిజైనంతా సిరాతో గీసి ఉంది, కుట్టు మాత్రం పడలేదు. ఎందుకు ఆపేశారో ఊహించుకోవలసిందే. ఈమధ్య ఎంతోమంది స్వచ్ఛందంగా ఆ గీతల నకలు తీసుకుని, ఎవరి ఇంట్లో వాళ్లు కుట్టి పూర్తి చేశారు. ఒకే గీత మీద ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో రకంగా నడిచింది.

డిజైన్లు ఎక్కడ దొరుకుతాయి

మూడు చోట్ల. మొదటిది చిత్రాలు. హోల్బైన్ ఎంత నిదానంగా చూసి వేశాడంటే, పెద్దది చేసి చూస్తే కఫ్ మీది డిజైనును గళ్ల కాగితం మీదికి ఎక్కించవచ్చు. రెండోది అచ్చు నమూనా పుస్తకాలు. 1520ల నుంచి జర్మనీలోనూ ఇటలీలోనూ ఇవి అచ్చయ్యాయి. మూడోది ‘శాంప్లర్’ అనే మాదిరి గుడ్డ. నేర్చుకున్న కుట్లనూ నచ్చిన అంచులనూ ఒక గుడ్డ మీద కుట్టి దాచుకునేవారు. గుడ్డ మీద రాసుకున్న నోటు పుస్తకం అన్నమాట. బ్రిటన్‌లో తేదీ ఉన్న అన్నిటికంటే పాత శాంప్లర్ 1598 నాటిది. జేన్ బోస్టాక్ అనే ఆమె కుట్టింది. ఆలిస్ లీ అనే పాప 1596లో పుట్టిన సంగతి కూడా అందులో అక్షరాలతో కుట్టి ఉంది. ఇంట్లో పుట్టిన బిడ్డ పేరు, కుట్టుకున్న అంచులు ఒకే గుడ్డ మీద ఉన్నాయి.

చొక్కా ఎలా కత్తిరించేవారో, అతుకు ఎక్కడ పడేదో తెలుసుకోవాలనుకునేవారికి జానెట్ ఆర్నాల్డ్ జీవితమంతా పాత బట్టలు కొలిచి గీసిన పటాలు ఆధారం. లినెన్ చొక్కాలూ కాలర్ల మీద ఆమె చేసిన పని, ఆమె మరణించాక 2008లో ‘పాటర్న్స్ ఆఫ్ ఫ్యాషన్’ నాలుగో సంపుటంగా వచ్చింది.

ఇంట్లో మొదలుపెడదాం

గుడ్డ: పడుగు పోగులూ పేక పోగులూ అంగుళానికి సమానంగా ఉన్న గుడ్డ కావాలి. లేకపోతే చదరం కాస్తా పొడుగు పెట్టె అవుతుంది. మొదటిసారికి క్రాస్ స్టిచ్‌కు వాడే 14 గళ్ల ఐడా క్లాత్ మంచిది. చెయ్యి అలవాటయ్యాక సమానంగా నేసిన లినెను తీసుకుని, రెండేసి పోగులకు ఒక కుట్టు చొప్పున వేయండి.

దారం: నల్ల ఎంబ్రాయిడరీ లచ్చి, యాంకర్‌లో అయితే 403 నంబరు. ఆరు పోగుల్లో ఒక్క పోగే తీసుకోవాలి. పాత పద్ధతికి దగ్గరగా ఉండాలంటే పేనిన పట్టు దారం. మెరిసే రేయాన్ దారం జారిపోతుంది, మొదటిసారికి వద్దు. మూరెడు పొడవుకు మించి సూదిలోకి ఎక్కించకండి, చివరికి వచ్చేసరికి నూగు లేస్తుంది. కుట్టే ముందు చిన్న ముక్కను తడి తెల్ల గుడ్డలో పెట్టి ఇస్త్రీ చేసి చూడండి. నలుపు అంటితే ఆ లచ్చిని పక్కన పెట్టండి. తెల్ల గుడ్డ మీద నల్ల దారం వెలిసిందంటే నెలల శ్రమ ఒక్క ఉతుకులో పోతుంది.

సూది: మొన మొద్దుగా ఉండే 24 లేదా 26 నంబరు టేపెస్ట్రీ సూది. పదును సూది వచ్చేటప్పుడు ముందటి కుట్టు దారాన్ని చీలుస్తుంది.

ముడి వద్దు: మూడంగుళాల దారం కొస వదిలేసి మొదలుపెట్టండి. తర్వాత ఆ కొసను సూదికెక్కించి, వేసిన కుట్ల వెంబడే దాచేయండి.

ఒక అంచు, దాని లెక్క

ఎనిమిది అంగుళాల మణికట్టు పట్టీ అనుకుందాం. 14 గళ్ల ఐడా మీద అది 112 గళ్లు. 16 గళ్లకు ఒకసారి తిరిగి వచ్చే డిజైను పెట్టుకుంటే సరిగ్గా 7 సార్లు వస్తుంది. అడుగున అడ్డగీత. ప్రతి 16 గళ్లలో 4వ గడి చివర ఒక మొక్క, 12వ గడి చివర ఒక మొక్క. మొక్క అంటే నిలువుగా మూడు గళ్ల కాండం, రెండో గడి ఎత్తులో ఎడమకూ కుడికీ ఒక్కో గడి ఆకు. మొత్తం ఐదు గీతలు.

అడ్డగీత మీద నాలుగు కుట్లు వేయండి: పైన, కింద, పైన, కింద. ఇప్పుడు సూది గుడ్డ పైకి వచ్చి ఉంటుంది. అక్కడ అడ్డగీత వదిలి మొక్క ఎక్కండి. కాండం మొదటి గడి పైన, రెండో గడి కింద. ఎడమ ఆకు మీదికి పైనుంచి వెళ్లి, కింద నుంచి తిరిగి రండి. కుడి ఆకుకూ అంతే. మూడో గడి పైన వేయండి. కొస ముట్టింది. ఇక దిగండి: మూడో గడి కింద, రెండో గడి పైన, మొదటి గడి కింద. మొక్క రెండు వైపులా పూర్తయింది, మీరు బయల్దేరిన చోటికే వచ్చారు, సూది మళ్లీ గుడ్డ పైనే ఉంది. ఏమీ జరగనట్టు అడ్డగీత ఐదో కుట్టు వేసుకోండి.

పక్కదారి ఎంత పొడుగైనా, ఎన్ని కొమ్మలున్నా, వెళ్లిన దారినే తిరిగి వస్తే లెక్క తప్పదు. వెళ్లినన్ని కుట్లే రావడానికీ పడతాయి కాబట్టి మొత్తం ఎప్పుడూ సరి సంఖ్యే. మెలికల ముగ్గు వేసేవాళ్లు చెయ్యి ఎత్తకుండా చుక్కలన్నీ చుట్టి మొదటికి వచ్చినట్టే ఇదీ.

మూసుకున్న ఆకారం వస్తే ఒక జాగ్రత్త. చదరం చుట్టూ తిరిగి మొదటికి వచ్చాక, అదే దిక్కున రెండో చుట్టు మొదలుపెడితే ఉన్న కుట్టు మీదే కుట్టు పడుతుంది. గళ్ల వెంట గీసిన చదరంలో కుట్లు ఎప్పుడూ సరి సంఖ్యలో ఉండటమే కారణం. అక్కడ వెనక్కి తిరిగి, వచ్చిన దిక్కుకు ఎదురుగా వెళ్లాలి.

తిరుగు ప్రయాణంలో ఇంకో మెలకువ ఉంది. ప్రతి రంధ్రంలోనూ సూది ముందటి దారానికి పై పక్కగా పైకి రావాలి, కింది పక్కగా కిందికి దిగాలి. ఈ వరస తప్పకపోతే గీత గీసినట్టు వస్తుంది. తప్పితే పళ్లు పళ్లుగా కనిపిస్తుంది.

ఇప్పుడు మొత్తం చూద్దాం. 16 గళ్ల అడ్డగీత, రెండు మొక్కలకు పది గీతలు, కలిపి 26. ఏడుసార్లకు 182. ముందు వైపు 182 కుట్లు, వెనక వైపు 182 కుట్లు. ట్యాలీ.

తేడా వచ్చినప్పుడు

నా మొదటి పట్టీ ట్యాలీ కాలేదు. వెళ్లేటప్పుడు అంతా బాగానే ఉందనిపించింది. తిరిగి వస్తుంటే ఒకచోట సూది దిగవలసిన రంధ్రం లేదు. వెతికితే మూడు డిజైన్ల వెనక, ఒక్క కుట్టు మాత్రం ఒక గడికి బదులు రెండు గళ్లు దాటింది. అక్కడి నుంచి మొత్తం విప్పాలి. రెండు రోజులు ఆ గుడ్డ ముట్టుకోలేదు.

కంప్యూటర్లు రాకముందు మా వారు రాత్రి తొమ్మిది దాటాక ఇంటికి వచ్చి, “తేడా దొరకలేదు” అని అన్నం ముందు కూర్చునే రోజులు గుర్తొచ్చాయి. తేడా చిన్నదే అయి ఉండేది. అయినా పుస్తకం మూయడానికి వీల్లేదు. ఆ రోజుల్లో నాకు విసుగొచ్చేది. గుడ్డ విప్పుతున్నప్పుడు ఎందుకు వీల్లేదో అర్థమైంది. తప్పు ఉన్నచోటే ఉండదు, దాని తర్వాత వేసిన ప్రతి కుట్టునూ పక్కకు జరుపుతుంది.

అప్పటినుంచి ప్రతి 16 గళ్లకూ ఒకసారి ఆగి, గుడ్డ తిప్పి వెనక వైపు చూస్తాను. ఒక మొక్క మరిచిపోయి దాటేస్తే కంగారు పడను. వెళ్లేటప్పుడు మరిచింది వచ్చేటప్పుడు వేసుకోవచ్చు. కానీ గడి లెక్క తప్పితే మాత్రం సర్దుబాటు లేదు, విప్పాల్సిందే.

ఉన్నది ఉన్నట్టు చెప్పడం

చివరిగా ఒక మాట. ఐడా క్లాత్ ట్యూడర్ల కాలంలో లేదు. కాటన్ లచ్చీ లేదు. మనం కుట్టింది ‘పాత తీరులో’ కుట్టినది అవుతుంది గానీ ‘అచ్చంగా అప్పటిది’ కాదు. అచ్చంగా కావాలనుకునేవారు లినెనుతో, పట్టు దారంతో, చొక్కా అతుకులను కూడా చేత్తోనే వేస్తూ కుడతారు. వాళ్లు కూడా ఇనుప నలుపు దగ్గర ఆలోచనలో పడతారు. అచ్చంగా ఆ రంగే వేస్తే ఈ దారమూ ఒకనాటికి రాలిపోతుంది. నిలిచే నలుపు వేస్తే అచ్చం కాదు. ఏది ఎంచుకున్నా తప్పు లేదు. ఎంచుకున్నది చెప్పాలి, అంతే. గుడ్డ మూలన, లేదా దానితో దాచే చీటీ మీద మీ పేరు, సంవత్సరం, గుడ్డ, దారం, డిజైను ఎక్కడి నుంచి తీసుకున్నారో రాసి పెట్టండి. తర్వాత చూసేవాళ్లు పాతదేదో కొత్తదేదో తికమక పడకూడదు.

మొదటిసారే పట్టీ వద్దనుకుంటే చేతిరుమాలు అంచు మీద ఒక్క 16 గళ్ల డిజైను వేసి చూడండి. అడ్డగీత 16, మొక్కలకు 10. ఒక్క సెలవు మధ్యాహ్నం చాలు. పూర్తయ్యాక ఇంట్లోవాళ్లకు రుమాలు ఇచ్చి, ఏది ముందు వైపో చెప్పమనండి. చెప్పలేకపోతే మీ లెక్క సరిపోయినట్టే.